చుట్టాలొస్తే పాత బస్తీ ఒక్క రోజులో చూపించడం ఎలా

వేసవి సెలవులు దగ్గర పడితే చాలు, నాకొచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. "ఊరి నుంచి మా వాళ్లొస్తున్నారు, ఒక్క రోజే ఉంటారు, ఎక్కడెక్కడ తిప్పమంటారు?" నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లోనే. అమ్మ తరఫు వాళ్లు, నాన్న తరఫు వాళ్లు అందరూ జిల్లాల్లోనే ఉంటారు కాబట్టి ఏటా నాలుగైదు సార్లు ఎవరో ఒకరిని వెంటబెట్టుకుని పాత బస్తీకి వెళ్తూనే ఉంటాను. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసి పెడుతున్నాను.

ఏం చూపించాలో మీకూ తెలుసు. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, నిజాంల చౌమహల్లా ప్యాలెస్, గాజుల కొట్లుండే లాడ్ బజార్. చిక్కల్లా వరుస దగ్గరే. అవే నాలుగు చోట్లు, అదే రోజు. వరుస కుదిరితే సాయంత్రం ఏడింటికి కూడా అత్తయ్యలు గాజుల కొట్టు నుంచి కదలరు. కుదరకపోతే మధ్యాహ్నం రెండింటికే "ఇంటికి పోదాం నాయనా" అంటారు. నాకు రెండూ అనుభవమే.

బయల్దేరే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మనిషికో నీళ్ల సీసా. దారిలో కొనుక్కోవచ్చు గానీ చార్మినార్ దగ్గర జనంలో కొట్టు వెతకడం కన్నా చేతిలో ఉండటమే మేలు.
- సులువుగా విప్పి వేసుకునే చెప్పులు. తాళ్లు కట్టే బూట్లు వద్దు.
- మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు. మక్కా మసీదులోకి నిక్కర్లతో రానివ్వరు. ఆడవాళ్ల దగ్గర చున్నీ గానీ పైట గానీ ఉంటే తల మీద వేసుకోవడానికి సరిపోతుంది.
- చిల్లర. ఫోన్ పే అన్నిచోట్లా నడుస్తుంది, కానీ జనం మధ్యలో సిగ్నల్ ఒక్కోసారి సతాయిస్తుంది.
- ఇంట్లో ఆడవాళ్ల గాజుల సైజులు రాసుకున్న చీటీ. నవ్వకండి, ఇది ఎందుకో తొమ్మిదో అంచెలో చెబుతాను.
- ఆధార్ కార్డులు. తెలంగాణ ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉండదు, కానీ కార్డు మీద ఇక్కడి చిరునామా ఉండాలి. విజయవాడ నుంచి వచ్చిన పిన్నికి టికెట్ తీయాల్సిందే. ఈ సంగతి ముందే చెప్పండి, బస్సెక్కాక కండక్టర్‌తో మాట పట్టింపులు రాకుండా ఉంటాయి.

1. రోజు ఎంచుకోండి. శుక్రవారం మాత్రం వద్దు.

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌కూ శుక్రవారమే సెలవు. మక్కా మసీదులో ఆ మధ్యాహ్నం జుమ్మా నమాజు ఉంటుంది, వేలమంది వస్తారు. అంటే మీ రోజులో ముప్పాతిక వంతు పోయినట్టే. నేను మొదటిసారి మా పెద్దమ్మ వాళ్లను శుక్రవారమే తీసుకెళ్లాను. మూసిన గేటు ముందు ఎండలో నిలబడి ఆవిడ "పోనీలేరా, ఇంకోసారి వస్తాంలే" అంది. ఆ ఇంకోసారి రావడానికి ఆరేళ్లు పట్టింది. అప్పటికి ఆవిడ మెట్లెక్కలేకపోయింది.

శని, ఆదివారాల్లో అన్నీ తెరిచే ఉంటాయి, జనం కూడా అంతే ఉంటారు. నా లెక్కలో మంగళ, బుధ, గురువారాలు మేలు. పండగ సెలవుల్లో మ్యూజియం మూసి ఉండొచ్చు, ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి. గణేశ్ నిమజ్జనం రోజు ఊరేగింపు చార్మినార్ మీదుగానే వెళ్తుంది, ఆ రోజు అటు వెళ్లొద్దు.

రంజాన్ నెల సంగతి వేరు. పగలు చాలా హోటళ్లు మూసి ఉంటాయి, రాత్రి మాత్రం చార్మినార్ చుట్టూ బజారు తెల్లవారుజాము దాకా నిండి ఉంటుంది. మీ చుట్టాలు కుర్రాళ్లయితే సాయంత్రం వెళ్లి హలీం తిని, లైట్లు చూసి రండి. పెద్దవాళ్లతో అయితే ఆ నెల వదిలేయండి.

2. కారు ఇంటి దగ్గరే ఉంచండి.

చార్మినార్ చుట్టూ బండ్లను రానివ్వరు, నడిచే వెళ్లాలి. పార్కింగ్ కోసం సందుల్లో తిరుగుతూ ఉంటే పొద్దున్నే అరగంట పోతుంది, మీ ఓపిక కూడా దాంతోనే పోతుంది. మెట్రోలో ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుకోండి. మియాపూర్, ఎల్బీనగర్ వైపు నుంచి వచ్చే ఎర్ర లైను, జేబీఎస్ నుంచి వచ్చే ఆకుపచ్చ లైను రెండూ అక్కడ కలుస్తాయి. మెట్రో చార్మినార్ దాకా పోదు. దింపేది మదీనా సెంటర్ దగ్గరో, గుల్జార్ హౌజ్ దగ్గరో ఆటో ఎక్కేటప్పుడే అడిగి ఖాయం చేసుకోండి.

దారిలో మూసీ దాటుతారు. ఉస్మానియా ఆసుపత్రి కనబడినప్పుడు మీ వాళ్లకు ఒక్క మాట చెప్పండి. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చి వేలమందిని మింగేసింది. ఆ ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఊరి నుంచి వచ్చినవాళ్లకు చింతచెట్టు అంటే తెలుసు, ఆ మాట వాళ్ల మనసులో నిలిచిపోతుంది.

3. ఎనిమిదింటికి గుల్జార్ హౌజ్ దగ్గర టిఫిన్.

చార్మినార్‌కు ఉత్తరంగా నాలుగు పెద్ద కమానులుంటాయి, ఆ చోటునే చార్‌కమాన్ అంటారు. నాలుగింటి మధ్యలో ఉన్న చిన్న నీటి తొట్టే గుల్జార్ హౌజ్. పొద్దున పూట ఇక్కడ బండి మీద వెన్న దోసె వేస్తారు. పెనం మీద పిండి పరిచి, దాని మీద ఉప్మా, ఉల్లిపాయ, టమాటా, కారప్పొడి, వెన్న ముద్ద వేసి గరిటెతో అక్కడే మెదుపుతారు. నిలబడే తినాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు పక్క కొట్టు అరుగు చూసి కూర్చోబెట్టండి, ఆ వేళకు ఇంకా కొట్లు తెరవరు కాబట్టి ఎవరూ ఏమీ అనరు.

ఇంట్లో టిఫిన్ చేసి బయల్దేరదామని ఇంట్లోవాళ్లు అంటారు. ఒప్పుకోకండి. ఇంట్లో టిఫిన్ అంటే పది దాటాకే గడప దాటడం.

4. తొమ్మిదింటికి చార్మినార్ ఎక్కండి.

కింద నుంచి చూడటం పొద్దున్నే అయిపోతుంది. ఎండ పడకముందే నాలుగు వైపులా తిరిగి చూడండి. నాలుగు ముఖాల మీదా ఉన్న గడియారాలు 1889లో పెట్టినవి, కట్టడం మాత్రం 1591 నాటిది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కొత్త ఊరు కట్టినప్పుడు దాని నడిబొడ్డున నిలబెట్టిన కట్టడం ఇది. ఇంతకు మించి చరిత్ర చెప్పకండి, ఇంకా రోజంతా ఉంది.

టికెట్ కౌంటర్ తెరవగానే లోపలికి వెళ్లడం ముఖ్యం. లోపల మెట్లు సన్నవి, మెలికలు తిరిగి ఉంటాయి, ఒక్కో మెట్టూ ఎత్తు. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఎదురుపడితే గోడకు అతుక్కుని నిలబడాలి. పదకొండింటికి వెళ్తే ఆ ఇరుకులోనే పావుగంట ఆగిపోవచ్చు. తొమ్మిదింటికైతే ఆ బాధ ఉండదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో తీసుకుంటే టికెట్ కాస్త తక్కువకే వస్తుంది, పదిహేనేళ్ల లోపు పిల్లలకు అసలు టికెట్టే లేదు.

ఎవరు ఎక్కకూడదు? మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, గుండె ఆపరేషన్ అయినవాళ్లు, ఇరుకు చోట్లంటే భయపడేవాళ్లు. మొహమాటానికి ఎక్కించకండి. సగం దాకా వెళ్లాక వెనక్కి తిరగడం కుదరదు. మొదటి అంతస్తు దాకానే పంపిస్తారు, అదే చాలు. అక్కడి నుంచి నాలుగు రోడ్లు నాలుగు దిక్కులకు గీత గీసినట్టు కనిపిస్తాయి, దక్షిణాన మక్కా మసీదు కనిపిస్తుంది. కింద ఉన్నవాళ్ల దగ్గర ఒకరిని ఉంచండి. పెద్దవాళ్లను ఒంటరిగా వదిలి అందరూ పైకెక్కడం నేను చాలా కుటుంబాల్లో చూశాను, అది చూసినప్పుడల్లా నాకు బాధనిపిస్తుంది. ఇద్దరు ఎక్కి వచ్చాక మిగతా ఇద్దరు ఎక్కండి.

5. మక్కా మసీదు, పావుగంట.

నాలుగడుగుల దూరమే. చెప్పులు విప్పి, ఒక సంచిలో వేసి చేతనే పట్టుకోండి. ప్రాంగణం నుంచి చూస్తే చాలు. 1617లో కుతుబ్‌షాహీల కాలంలో మొదలై, 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. నిజాంల సమాధులు పక్కనే వరుసగా ఉంటాయి. పిల్లలకు మాత్రం ఇక్కడ పావురాలే పెద్ద ఆకర్షణ. నమాజు చేసుకుంటున్నవాళ్ల ముందు నుంచి నడవొద్దు, వాళ్ల ఫొటోలు తీయొద్దు.

6. పది, పదింపావుకల్లా చౌమహల్లా.

లాడ్ బజార్ మీదుగా నడిస్తే పది నిమిషాలు. దారిలో గాజుల కొట్లు అప్పుడప్పుడే షట్టర్లు ఎత్తుతుంటారు. ఆగొద్దు. "ఒక్క నిమిషం చూసొస్తాం" అన్న మాట దగ్గరే చాలామంది రోజు పాడైపోతుంది. సాయంత్రం కచ్చితంగా తీసుకొస్తానని మాటివ్వండి, మాట నిలబెట్టుకోండి.

ప్యాలెస్‌లో చూడాల్సినవి రెండే రెండు. మొదటిది ఖిల్వత్ దర్బారు హాలు. లోపల పంతొమ్మిది బెల్జియం గాజు షాండ్లియర్లు వేలాడుతుంటాయి. గుమ్మంలోంచి చూసి వెనక్కి తిరక్కండి. హాలు మధ్యలోకి వెళ్లి, పిల్లల్ని తల పైకెత్తి చూడమనండి, అప్పుడే తెలుస్తుంది అవెంత పెద్దవో. రెండోది పాత కార్లు. 1912 నాటి పసుపు పచ్చ రోల్స్ రాయిస్ ముందు మామయ్యలు, బాబాయిలు ఎంతసేపు నిలబడతారో చూడండి. నేను గమనించింది ఏమిటంటే, దర్బారు హాల్లో విసుగు పడ్డవాళ్లు కూడా కార్ల దగ్గర తేరుకుంటారు. అందుకే కార్లు చివరకు ఉంచండి.

ఇక్కడ నీటి కొలను చుట్టూ కూర్చోవడానికి చోటుంటుంది. టాయిలెట్లు ఇక్కడే వాడుకోమని అందరికీ చెప్పండి, ముఖ్యంగా పెద్దవాళ్లకు, చిన్న పిల్లలకు. చార్మినార్ చుట్టుపక్కల వెతుక్కోవడం కష్టం. బయటికి వెళ్తే నీళ్లు తాగడమే మానేసే ఆడవాళ్లు మన ఇళ్లల్లో చాలామంది ఉన్నారు, అదంతా ఈ ఇబ్బందికి భయపడే. ఎక్కడెక్కడ వెసులుబాటు ఉందో ముందే చెబితే వాళ్లూ హాయిగా నీళ్లు తాగుతారు, ఎండ దెబ్బా తగలదు.

ఇక్కడ ఒకసారి గడియారం చూసుకోండి. పన్నెండున్నరకు మీరు చౌమహల్లా గేటు బయట ఉంటే రోజు దారిలోనే ఉంది. ఒంటి గంట దాటితే లాడ్ బజార్‌లో ఆగారన్నమాట. అప్పుడు భోజనం తొందరగా ముగించండి గానీ మ్యూజియం సమయం మాత్రం తగ్గించకండి.

7. భోజనం. కడుపు నిండా వద్దు.

మదీనా సెంటర్, హైకోర్టు రోడ్డు వైపు బిర్యానీ హోటళ్లు బోలెడు. ఆటోలో వెళ్లండి, ఎండలో నడిపించకండి. ఒక ప్లేటు బిర్యానీ ఇద్దరికి సరిపోతుంది, మనిషికొకటి చెప్పి సగం వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. ముందు తక్కువ చెప్పి, కావాలంటే మళ్లీ తెప్పించుకోండి. భుక్తాయాసంతో మ్యూజియంలో రెండు గంటలు నడవడం నరకం. తీపికి ఖుబానీ కా మీఠా (ఎండు ఆప్రికాట్లతో చేసేది) ఒకటి చెప్పి అందరూ తలా రెండు చెంచాలు తినండి.

శాకాహారులుంటే ఇక్కడ వెతుకుతూ తిరగొద్దు. ఆటోలో కోఠి గానీ ఆబిడ్స్ గానీ వెళ్లి భోజనం చేసి రండి, పావుగంట ఎక్కువ పడుతుంది, అంతే. అమ్మమ్మకు ఉపవాసమైతే ఇంటి నుంచే పళ్లు తెచ్చుకోండి.

8. రెండింటికల్లా సాలార్‌జంగ్ మ్యూజియం.

మండే ఎండ వేళ నీడలో ఉండాలి. వరుస ఇలా పెట్టడంలో అసలు కారణం ఇదే. ఐదింటికి మూసేస్తారు, టికెట్లు అంతకు ముందే ఆపేస్తారు. సాయంత్రం వెళ్దాంలే అనుకుంటే బయటి నుంచే చూసి రావాలి. పెద్ద సంచులు బయటే అప్పజెప్పాలి కాబట్టి తక్కువ సామానుతో వెళ్లండి. నడవలేని పెద్దవాళ్లుంటే గేటు దగ్గరే వీల్‌చైర్ గురించి అడగండి.

నిజాం దగ్గర దివానుగా చేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పెళ్లి చేసుకోలేదు. సంపాదనలో చాలా భాగం వస్తువులు కొనడానికే పెట్టాడు. ఆయన, ఆయన తండ్రి, తాత పోగు చేసినవే ఇవన్నీ. మ్యూజియం 1951లో ఆయన దేవిడీలో, అంటే ఆయన భవంతిలో మొదలై, 1968లో ఈ భవనానికి మారింది. గ్యాలరీలు ముప్పైకి పైనే. అన్నీ చూద్దామనుకుంటే ఏదీ గుర్తుండదు. నేను చుట్టాలకు చూపించేవి ఇవి, ఈ వరుసలోనే.

*ముసుగు రెబెకా.* ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ. 1876లో ఆయన తాత మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నాడు. చూసేవాళ్లందరూ ఎదురుగా నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు అలా చేయకండి. ముందు పక్క నుంచి చూడమనండి. ముసుగు బుగ్గ మీదుగా జారి భుజం మీద మడత పడే చోట చూపు నిలపమనండి. ముసుగుకూ ముఖానికీ మధ్య ఖాళీ ఎక్కడుందో వెతకమనండి. ఉండదు, అదంతా ఒకే రాయి. అయినా కళ్లు ఒప్పుకోవు. బట్ట వెనక నుంచి ముక్కు, పెదవులు, వాలిన కనురెప్పలు కనిపిస్తూనే ఉంటాయి. మా చిన్నమ్మ నేతపని చేసేవాళ్లింటి ఆడపడుచు. ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, "ఇంత పలచటి బట్ట మగ్గం మీద నేయడమే కష్టం, రాతిలో ఎట్లా చేశాడో" అంది. అప్పటి నుంచి నేను ఎవరినీ ఆ గదిలో తొందరపెట్టను.

*రెండు ముఖాల చెక్క బొమ్మ.* ఒకే దుంగలో ముందు వైపు మెఫిస్టోఫిలిస్ అనే దెయ్యం, వెనక వైపు మార్గరెట్టా అనే అమ్మాయి. వెనక అద్దం ఉంటుంది. పిల్లలకు ముందే చెప్పేయకండి, అద్దంలో వాళ్లే కనిపెట్టనివ్వండి.

*గంటల గడియారం.* ఇది మాత్రం సమయం చూసుకుని వెళ్లాలి. గంటకు రెండు మూడు నిమిషాల ముందు చిన్న తలుపు తెరుచుకుని గడ్డం మనిషి బయటికొస్తాడు. ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికెళ్లిపోతాడు. పక్కన ఒక కమ్మరి క్షణానికో దెబ్బ వేస్తూనే ఉంటాడు, గడ్డం మనిషి కోసం చూస్తూ అందరూ వాణ్ని మర్చిపోతారు. మూడు గంటల ఆటకు రెండూ నలభై ఐదుకే వెళ్లి కూర్చోండి, పిల్లల్ని ముందు వరుసలోకి పంపండి. సరిగ్గా మూడింటికి వెళ్తే ఎదుటివాళ్ల తలకాయలే కనిపిస్తాయి. తప్పిపోతే కంగారు లేదు, నాలుగింటికి ఇంకోటి ఉంది. పన్నెండు దెబ్బలూ వినాలనుంటే కింద చెప్పిన ఎండాకాలం వరుస పాటించండి.

మిగిలిన సమయంలో ఎవరికి నచ్చింది వాళ్లు చూస్తారు. కత్తులు, పచ్చ రాతి సామాన్లు, టిప్పు సుల్తాన్ దంతపు కుర్చీలు. ఎక్కడ కలుసుకోవాలో మాత్రం ముందే అనుకోండి. "గడియారం ముందు, నాలుగున్నరకు" అంటే ఎవరూ తప్పిపోరు.

9. ఐదున్నరకు లాడ్ బజార్.

ఇప్పుడు మాట నిలబెట్టుకునే సమయం. లైట్లు వెలిగాక ఆ సందు మొత్తం మెరుస్తుంది. ఇక్కడ చూడాల్సింది లక్క గాజులు. లక్కను బొగ్గుల మీద మెత్తబరిచి, గాజులా వంచి, చల్లారేలోపు ఒక్కో రాయినీ అందులో గుచ్చుతారు. కొన్ని కొట్ల దగ్గర ఎదురుగానే చేస్తుంటారు, రెండు నిమిషాలు నిలబడి చూడండి. వేళ్లకు వేడి తగులుతూనే ఉంటుంది, అయినా చెయ్యి ఆగదు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది.

ఇక సైజుల చీటీ సంగతి. కొట్టతను మొట్టమొదట అడిగేదే "సైజెంత?" అని. టూ ఫోర్, టూ సిక్స్, టూ ఎయిట్ అని చెప్పాలి. ఊళ్లో ఉన్న కోడలికీ, వదినకూ కొనాలనుకుని, సైజు తెలియక ఫోన్ చేస్తే వాళ్లు ఎత్తక, అందాజుగా కొని, ఇంటికెళ్లాక చేతికి ఎక్కక బీరువాలో పడి ఉన్న గాజుల జతలు నాకు తెలిసినవే అరడజను. ముందు రోజే అడిగి రాసుకోండి.

మోసపోకుండా ఉండాలంటే:

మొదటి కొట్టులో కొనకండి. మూడు కొట్లలో అదే రకం రేటు అడగండి. బేరం ఆడటం ఇక్కడ తప్పు కాదు, అందరూ ఆడేదే, కానీ మర్యాదగా ఆడండి. గాజును వెలుతురుకు పట్టుకుని చుట్టూ తిప్పి చూడండి, రాయి ఊడిన గుంట ఉంటే అక్కడే కనిపిస్తుంది. కొన్నాక డబ్బాలో పెట్టేముందు మళ్లీ లెక్కపెట్టి, చేతికి వేసి చూడండి. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దని ఇంటికి తీసుకెళ్లేవాళ్లకు చెప్పండి.

ముత్యాలు కావాలంటే రోడ్డు మీద చేతిలో పట్టుకుని అమ్మేవాళ్ల దగ్గర వద్దు. బిల్లు ఇచ్చే కొట్టుకే వెళ్లండి. అక్కడ కూడా రెండు ముత్యాలు తీసుకుని ఒకదానితో ఒకటి మెల్లగా రుద్ది చూడండి. అసలైనవైతే సన్నటి ఇసుక తగిలినట్టు గరుకుగా ఉంటుంది, ప్లాస్టిక్‌వైతే నున్నగా జారిపోతాయి. కొట్టతనికి చెప్పి చేయండి, నిజాయతీపరుడు వద్దనడు.

ఈ జనంలో పర్సులు, ఫోన్లు ముందు జేబులో ఉండాలి. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో కూడా చెప్పండి. చార్మినార్ ఎక్కడి నుంచైనా కనిపిస్తుంది కాబట్టి "టికెట్ కౌంటర్ దగ్గర నిలబడు" అంటే ఐదేళ్ల పిల్లకైనా అర్థమవుతుంది.

10. చివరగా చాయ్.

చార్మినార్ కింద ఇరానీ చాయ్ కప్పు పట్టుకుని నిలబడండి. పొద్దున ఎండలో చూసిన కట్టడమే ఇప్పుడు లైట్లలో ఇంకోలా ఉంటుంది. ఉస్మానియా బిస్కెట్ కొంచెం ఉప్పగా, కొంచెం తియ్యగా ఉంటుంది. చాయ్‌లో ముంచి, రెండు లెక్కపెట్టేలోపు తీసేయాలి, మూడంటే కప్పులో పడిపోతుంది. డయాబెటిస్ ఉన్నవాళ్లకు ఒక మాట: ఇక్కడి చాయ్‌లో చక్కెర గట్టిగానే ఉంటుంది, తక్కువ వేయమంటే చాలాచోట్ల కుదరదు. ఒక కప్పు ఇద్దరు పంచుకోండి.

ఎండాకాలమైతే, వానైతే

ఏప్రిల్, మే నెలల్లో వరుస మార్చండి. ఎనిమిదింటికి టిఫిన్, తొమ్మిదింటికి చార్మినార్ అలాగే ఉంచి, పదింటికి నేరుగా మ్యూజియానికి వెళ్లండి. పన్నెండు దెబ్బలు విని, భోజనం చేసి, మూడింటికి చౌమహల్లా. మధ్యాహ్నం ఒకటి నుంచి మూడు దాకా ఎవర్నీ రోడ్డు మీద ఉంచొద్దు. వాన కురిస్తే చార్మినార్ ఎక్కడం మానేయండి, రాతి మెట్లు జారతాయి.

ఇంకో తప్పు గురించి చెప్పాలి. ఇదే రోజున ట్యాంక్‌బండ్, బిర్లా మందిర్ కూడా ఇరికిద్దామని చూస్తారు. బిర్లా మందిర్‌లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, అప్పజెప్పి తీసుకోవడానికే వరుసలో నిలబడాలి. దానికి మరో సాయంత్రం కేటాయించండి. ఫిల్మ్ సిటీ అయితే పూర్తిగా ఒక రోజు తినేస్తుంది.

రెండో రోజు ఉంటే గోల్కొండ

దీనికి సగం రోజు చాలు, కానీ ఏ సగమన్నది మీ వాళ్లను బట్టి. పిల్లలూ కుర్రాళ్లూ అయితే మధ్యాహ్నం మూడున్నరకు వెళ్లి, పైకెక్కి చూసి, దిగి వచ్చి సౌండ్ అండ్ లైట్ షో చూడండి. తెలుగులో షో ఎప్పుడో ముందే కనుక్కోండి. దోమలు కుడతాయి, నిండు చేతుల బట్టలు వేసుకోండి. పెద్దవాళ్లుంటే పొద్దున తెరిచే వేళకే వెళ్లండి, చల్లగా ఉంటుంది.

పైదాకా మూడు వందల పైచిలుకు మెట్లున్నాయి. పెద్దవాళ్లు అన్నీ ఎక్కనక్కర్లేదు. వాళ్లకు చూపించాల్సింది రామదాసు బందిఖానా. కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి, వసూలైన పన్ను డబ్బుతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించినందుకు తానీషా కాలంలో ఇక్కడే పన్నెండేళ్లు బందీగా ఉన్నాడని చెప్పుకుంటాం. చీకటి గది, ఎత్తున వెలుతురు పడే చిన్న కంత, గోడ మీద చెక్కిన దేవుడి బొమ్మలు. ఊళ్లో భజన మందిరంలో చిన్నప్పటి నుంచి రామదాసు కీర్తనలు పాడిన పెద్దవాళ్లు అక్కడికి వెళ్లాక చేతులు జోడిస్తారు. కొందరు పాడతారు కూడా. ఆపకండి, తొందరపెట్టకండి, ఆ పది నిమిషాల కోసమే వాళ్లను అంత దూరం తీసుకొచ్చారనుకోండి.

ఇక చప్పట్ల సంగతి. లోపలికి వెళ్లగానే గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీద బాలాహిస్సార్‌లో వినిపిస్తుందని అందరికీ తెలుసు. కానీ చాలామంది కింద కొట్టేసి, నమ్మేసి వెళ్లిపోతారు. సరిగ్గా తెలుసుకోవాలంటే రెండు జట్లుగా విడిపోండి. పైకెక్కిన జట్టు ఫోన్ చేసి "ఇప్పుడు కొట్టండి" అనాలి, ఫోన్ పెట్టేయాలి. లైన్‌లోనే ఉంటే చప్పుడు ఫోన్‌లోంచి వచ్చిందో గాల్లోంచి వచ్చిందో తెలియదు. కిందివాళ్లు గుమ్మటానికి సరిగ్గా నడిమధ్యన నిలబడి, ముందు అనుకున్నన్ని సార్లు కొట్టాలి, మూడో, ఐదో. ఆ లెక్క పైవాళ్లకు ముందు చెప్పకండి. దిగి వచ్చాక ఎన్ని వినిపించాయో అడగండి. జనం గోల ఉంటే వినపడదు కాబట్టి ఇది పొద్దున్నే చేయాలి. కిందటి దసరాకు మా అక్క కొడుకు పైనుంచి పరుగున దిగి వచ్చి, ఆయాసపడుతూనే "మామయ్యా, నాలుగు" అన్నాడు. మేం కొట్టింది నాలుగే.